కట్టప్ప బానిస ఎందుకైండు?

పోయిన ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు పాత్రచిత్రణ గురించి చెబుతున్నాను. కథలో పాత్ర చేసే ప్రతి పనికీ ఒక ప్రేరణ ఉండాలనీ, ఆ ప్రేరణ పాత్ర మనసులోంచీ, అది బతుకుతున్న సమాజంలోంచీ రావాలనీ చెప్పి, అందరికీ తెలిసిన 'బాహుబలి'ని ఉదాహరణగా తీసుకున్నాను. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడు అని అడిగితే తరగతి తరగతంతా జవాబు చెప్పింది: శివగామి ఆజ్ఞ. ఆజ్ఞను ఎందుకు పాటించాడు? బానిస గనుక. పాఠం ముగిసిందనుకున్నాను. అప్పుడు వెనుక బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఆమె తల్లి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతుంది.

"మరి కట్టప్ప బానిస ఎందుకైండు సార్?"

వాళ్ల పూర్వీకులు సింహాసనానికి మాట ఇచ్చారని చెప్పాను. "వాళ్లెందుకిచ్చిండ్రు?" అని అడిగింది. ఇంతలో గంట కొట్టారు. తెలుగులో ఎం.ఏ. చేసి, ఇరవై ఏళ్లుగా బడిలో సాహిత్యం చెబుతూ, అప్పుడప్పుడు విమర్శ రాస్తున్న నాకు ఆ ప్రశ్నకు జవాబు తోచలేదు. 2015 జూలైలో మొదటి భాగం విడుదలైన నాటి నుంచి 2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చేదాకా, దాదాపు రెండేళ్లు దేశమంతా ఒకటే ప్రశ్న అడిగింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? కట్టప్ప బానిస ఎందుకయ్యాడని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఈ వ్యాసం ఆ గంట మోగిన తర్వాత మొదలైన ఆలోచన.

రాజులు, మాంత్రికులు, మాయలు ఉన్న కథను పలాయనవాదం అని ఒక్క మాటలో తేల్చి పక్కన పెట్టడం మన ప్రగతిశీల విమర్శకు ఉన్న పాత అలవాటు. నేనూ ఆ అలవాటులోనే పెరిగాను. కానీ ఆ తేల్చివేత వల్ల నష్టపోయింది మనమే. ప్రజలు లక్షల సంఖ్యలో చూసి, చదివి, తమ పిల్లలకు చెప్పుకునే కథల్లో ఏ భావజాలం ఏ దారిన వస్తున్నదో పరిశీలించే పనిని మనం వదిలేశాం. పైగా అద్భుత కథ మీద విమర్శకుడికి ఒక ప్రత్యేకమైన హక్కు ఉంది. వాస్తవిక కథలో జీతగాడు ఉంటే, సమాజంలో ఉన్నాడు గనుక కథలో ఉన్నాడని రచయిత చెప్పుకోవచ్చు. అద్భుత కథా రచయితకు ఆ సాకు లేదు. మాహిష్మతి ఏ పటంలోనూ లేదు. దాని జలపాతాన్నీ, కోటనూ, శాసనాన్నీ, శత్రువుల భాషనూ కూడా రచయితలే కల్పించారు. కాలకేయుల కోసం 'కిలికి' అని ఒక కొత్త భాషను తయారుచేసిన ఊహ, బానిస లేని రాజ్యాన్ని తయారుచేయలేకపోయింది. ఏదైనా ఊహించగల స్వేచ్ఛ ఉన్నచోట కూడా ఏది ఊహకు అందలేదో, ఆ భావజాలం హద్దు అక్కడ ఉంటుంది.

మాహిష్మతిలో ఎవరికి ఏ కోరిక ఉందో వరుసగా చూద్దాం. భల్లాలదేవుడికి సింహాసనం కావాలి. బిజ్జలదేవుడికి అంగవైకల్యం వల్ల రాజ్యం దక్కలేదన్న కసి ఉంది. శివగామి రాజధర్మానికీ పెంచిన ప్రేమకూ మధ్య నలుగుతుంది. దేవసేనకు ఆత్మాభిమానం ఉంది. ఇరవై అయిదేళ్లు సంకెళ్లలో ఉండి చితికి పుల్లలు ఏరుకునేంత పట్టుదల ఉంది. వీళ్లంతా రాచవాళ్లు. వీళ్ల ప్రతి చర్యకూ చిత్రం ఓపికగా కారణం చెబుతుంది. దుష్టుడైన బిజ్జలదేవుడి కసికి కూడా మనస్తత్వ కారణం ఉంది. ఒక మెట్టు దిగి కట్టప్ప దగ్గరికి వస్తే కోరిక మాయమై దాని స్థానంలో విశ్వాసం వస్తుంది. ఇంకా దిగి కాలకేయుల దగ్గరికి పోతే ఏమీ లేదు. వాళ్లు నల్లగా ఉంటారు, అరుస్తారు, దండెత్తుతారు. ఎందుకు దండెత్తారన్న ప్రశ్నకు క్రూరత్వం తప్ప జవాబు లేదు. పై అంతస్తుకు కోరిక, నడిమి అంతస్తుకు విశ్వాసం, అడుగు అంతస్తుకు పశుత్వం. రాజ్యంలో భూమి ఎలా పంపిణీ అయి ఉంటుందో, కథలో ప్రేరణ కూడా అట్లాగే పంపిణీ అయింది.

కట్టప్ప పాత్రను తక్కువ చేసి చూపించారని నేను అనడం లేదు. నిజానికి ఆ రెండు భాగాల్లోనూ మనసుకు అందరికంటే దగ్గరయ్యేది అతనే. బాహుబలి అతన్ని మామా అని పిలుస్తాడు, అతనితో కలిసి తింటాడు. మొదటి భాగంలో అస్లాంఖాన్ అనే ఆయుధాల వ్యాపారి అతని విద్యకు మెచ్చి, స్వేచ్ఛ ఇప్పిస్తానంటాడు. కట్టప్ప ఒప్పుకోడు. తాతముత్తాతలు సింహాసనానికి ఇచ్చిన మాట తనను కట్టేసిందంటాడు. ప్రేక్షకుడి గుండె బరువెక్కేది ఇక్కడే, భావజాలం పని చేసేదీ ఇక్కడే. బంధనం బలవంతంగా కాక గుణంగా కనిపిస్తుంది. గొలుసును తీసేస్తామన్నా వద్దనే మనిషి మహనీయుడవుతాడు.

కొందరు మిత్రులు ఇది భీష్ముడి వంటి విషాదమే కదా అంటారు. కాదు. భీష్ముడి ప్రతిజ్ఞ భీష్ముడిది. అతనికి వదులుకోవడానికి ఒక రాజ్యం ఉంది, దాన్ని వదులుకుంటూ తన నోటితో తాను ప్రతిజ్ఞ చేశాడు. దాని ఫలితం మంచైనా చెడైనా అతని కర్తృత్వం కింద వస్తుంది. కట్టప్ప ఏ ప్రతిజ్ఞా చేయలేదు. ఎవరో పూర్వీకుడు ఎప్పుడో అన్న మాటకు అతడు వారసుడు. తాత తెచ్చిన గింజలకు మనవడు జీతం ఉండటం తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. దానికి మన ఊళ్లలో ఉన్న పేరు మాట కాదు, అప్పు. అప్పును మాట అనీ, వెట్టిని విశ్వాసమనీ పేరు మార్చడంలోనే ఆ కథలోని అసలు మాయ ఉంది. మాయాజాలం కంటే ఈ పేరు మార్పిడి పెద్ద గారడీ.

ఇది ఈనాటి చిత్రంతో మొదలైంది కాదు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'ని మళ్లీ చూడండి. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, విజయా సంస్థ నిర్మాణం. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల నుంచీ, అల్లావుద్దీన్ దీపం కథ నుంచీ ప్రేరణ పొందిన కథ అది. తోటమాలి కొడుకు రాముడు ఉజ్జయిని రాకుమారిని ప్రేమిస్తాడు. రాజు అతని పుట్టుకను కాదు, పేదరికాన్ని అడ్డం పెడతాడు. తనకు సాటి వచ్చే సంపద తెస్తే పిల్లనిస్తానంటాడు. ఆ రోజుల్లో ఇది ముందడుగే. తర్వాతి ఎన్నో జానపద చిత్రాల్లో లాగా తోటరాముడు చివరికి తప్పిపోయిన రాకుమారుడిగా తేలడు. తోటమాలి కొడుకుగానే రాజు అల్లుడవుతాడు. పింగళిగారికి ఆ గౌరవం ఇవ్వాల్సిందే.

కానీ ఆ సంపద ఎట్లా వచ్చింది? నేపాళ మాంత్రికుడు పాతాళభైరవి ప్రతిమ కోసం ఏళ్ల తరబడి సాధన చేశాడు. రాముణ్ణి బలివ్వబోయాడు. రాముడు తిరగబడి మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ప్రతిమను పొందాడు. ఇద్దరూ అడిగింది ఒకే బొమ్మను, ఒకే మార్గంలో. ఒకరి కోరిక దురాశ, ఇంకొకరిది ప్రేమ. మాంత్రికుడు నరబలికి సిద్ధపడ్డవాడు గనుక మన సానుభూతి రాముడికి దక్కడం న్యాయమే. అయితే ఇద్దరి మధ్యా ఉన్న మూడో పాత్రను మనం చూడం. ఆ మూడో పాత్ర ప్రతిమ. ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు ప్రత్యక్షమై, ఏం కావాలని అడిగి, మేడ కట్టమంటే కడుతుంది. రాముడి చేతిలో ఉన్నప్పుడు రాముడికి కట్టిన మేడను, మాంత్రికుడి చేతికి పోయినప్పుడు అంతే వినయంగా ఎత్తుకుపోతుంది. దానికి సొంత కోరిక లేదు, మంచిచెడ్డలు లేవు, అలసట లేదు. శ్రమ చేసేవాళ్లు ఎట్లా ఉండాలని యజమాని కలగంటాడో ఆ ప్రతిమ అట్లా ఉంది. కట్టప్ప ఆ ప్రతిమకే మీసం గడ్డం పెట్టి కత్తి ఇచ్చిన రూపం. ప్రతిమ చేతులు మారినట్టే కట్టప్ప విశ్వాసం కూడా రాజును బట్టి కాక సింహాసనాన్ని బట్టి నడుస్తుంది. సింహాసనం మీద బాహుబలి ఉంటే బాహుబలికి, భల్లాలదేవుడు ఉంటే భల్లాలదేవుడికి.

'పాతాళభైరవి' విడుదలైన ఏడాది ఏమిటో మనం మరిచిపోకూడదు. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. ఆ చిత్రం టూరింగ్ టాకీసుల్లో ఆడుతున్న రోజుల్లోనే, వెట్టి చేయమని ఎదిరించిన పల్లెలు ఇక్కడ నిర్బంధంలో ఉన్నాయి. ఇది కుట్ర అని నేను చెప్పను. విజయా వారికి తెలంగాణ పల్లెను మరిపించాలన్న ఉద్దేశం ఉందనడం హాస్యాస్పదం. కానీ అడిగిందల్లా చేసే చేతుల కల ఏ సమాజానికి అవసరమో ఆ సమాజంలోనే అది అంత అందంగా పుడుతుందన్న సంగతిని విమర్శకుడు గుర్తించాలి.

అదే నాగిరెడ్డి-చక్రపాణిల 'చందమామ' విషయం కొంత భిన్నం. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికను 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు నడిపారు. మార్క్సిస్టు దృక్పథం ఉన్న రచయిత, 1970లో ఏర్పడిన విరసంతో నడిచిన మనిషి, నెలనెలా మాంత్రికుల కథలు దిద్దుతూ కూర్చున్నాడంటే మనలో చాలామందికి అది జీవనోపాధి సంగతిగానే కనిపించింది. దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' మొదలుకొని 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' దాకా రాసిన ధారావాహికలు ఆయన పేరు లేకుండానే అచ్చయ్యాయి. ఒక్కసారి ఆలోచించండి. మూడు తరాల తెలుగు పిల్లల ఊహను తీర్చిన రచయిత తన పేరు అచ్చులో చూసుకోలేకపోయాడు. అద్భుత కథలో శ్రమ చేసే చేయి కనిపించదన్నాను. కథ బయట కూడా కనిపించలేదు.

ఆ గంట తర్వాత కొద్ది రోజులకు అదే తరగతిలోని ఒక పిల్లవాడు ఫోనులో జపాన్ బొమ్మల కథ తెచ్చి చూపించాడు. 'మంగా' అంటారు. కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇప్పుడు మన జిల్లాల పిల్లలు కూడా ఇంగ్లీషు అనువాదంలో వాటిని విడవకుండా చదువుతున్నారు. ఆ కథ పేరు 'వన్ పీస్'. రాసి, బొమ్మలు వేసేది ఐచిరో ఓడా. 1997లో మొదలై ఇంకా సాగుతున్నది. లూఫీ అనే కుర్రవాడు సముద్రపు దొంగల రాజు కావాలని బయల్దేరతాడు. ఇదీ ఒక సింహాసనం కథే అనుకుని చదవడం మొదలుపెట్టాను. కొంత దూరం పోయాక ఆగిపోయాను.

ఆ లోకంలో అందరికంటే పైన దేవవంశీయులనే ఒక వర్గం ఉంది. ప్రపంచ ప్రభుత్వాన్ని స్థాపించిన రాజుల సంతతి. మామూలు మనుషులు పీల్చే గాలి తమకు తగలకుండా తల చుట్టూ బుడగ తొడుక్కుని తిరుగుతారు. అంటు అనే మాట వాడకుండా అంటును ఇంత బాగా బొమ్మ వేసిన రచయితను నేను చూడలేదు. వాళ్లు మనుషుల్ని కొనుక్కుని వీపున ముద్ర వేస్తారు. మత్స్యజాతికి చెందిన ఫిషర్ టైగర్ అనేవాడు ఒక్కడే కొండ ఎక్కి ఆ బానిసల్ని విడిపిస్తాడు. అట్లా బయటపడ్డవాళ్లలో కోఆలా అనే చిన్నపిల్ల ఉంటుంది. ఆమెను ఇంటికి చేర్చడానికి ఓడ ఎక్కించుకుంటే, ఎవరూ చెప్పకుండానే నేల తుడుస్తుంది, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. ఎందుకంటే, పని ఆపినవాళ్లనూ ఏడ్చినవాళ్లనూ చంపడం ఆమె కళ్లారా చూసింది. ఆ నవ్వు విశ్వాసం కాదు, భయం. చూడటానికి విశ్వాసంలాగే ఉంటుంది. కట్టప్ప వినయానికీ ఆ పిల్ల నవ్వుకూ తేడా ఇక్కడుంది. మొదటిదాన్ని కథ ప్రశంసిస్తుంది, రెండోదాన్ని కథ విప్పి చూపిస్తుంది. మా తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్నను ఎక్కడో జపాన్‌లో ఒక బొమ్మల కథకుడు కూడా అడిగాడు.

2025లో ఇండొనేషియాలోనూ, ఆ సెప్టెంబరులో ఖాట్మండూలోనూ వీధుల్లోకి వచ్చిన యువకులు లూఫీ జెండాను, గడ్డిటోపీ పెట్టుకున్న పుర్రె బొమ్మను, పట్టుకుని నడిచారు. ఆ ఉద్యమాల మంచిచెడ్డలు వేరే చర్చ. అద్భుత కథ పలాయనం మాత్రమే అనే మన పాత తీర్పు నిలవదని చెప్పడానికి ఆ జెండా చాలు. అయినా ఓడా రచనకు కూడా మోకరిల్లాల్సిన అవసరం లేదు. ఎవరో ఊరి కుర్రవాడనుకున్న లూఫీ, నౌకాదళ వీరుడి మనవడనీ, విప్లవ నాయకుడి కొడుకనీ తేలుతుంది. అతని శక్తి కూడా ఒక పురాతన దేవుడిదని చివరికి బయటపడుతుంది. కొండ జాతిలో పెరిగిన శివుడు మహేంద్ర బాహుబలి అని తేలడం ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. శివుణ్ణి గుర్తుపట్టగానే కట్టప్ప అతని పాదాన్ని తల మీద పెట్టుకుంటాడు. మామూలు మనిషి మామూలుగానే ఉండి లోకాన్ని మార్చగలడని నమ్మే ధైర్యం ఈ కథలకు చివరి మెట్టు దగ్గర చాలడం లేదు. ఆ ఒక్క విషయంలో మన తోటరాముడే వీళ్లందరికంటే నయం.

బొమ్మల కథ అంటే జపాన్ నుంచే రావాలా? కరీంనగర్ జిల్లాలో పుట్టినవాడు ఈ ప్రశ్న వేసుకోకుండా ఉండలేడు. నకాషీలు ఎర్రటి నేల మీద గడులు గడులుగా బొమ్మలు వేసిన పటాన్ని విప్పుతూ, గడి తర్వాత గడి చూపిస్తూ కథ చెప్పే సంప్రదాయం మనకు ఉంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, కులానికొక పురాణం, పురాణానికొక పటం. ఈ కులపురాణాలన్నీ అద్భుత కథలే. కూనపులివాళ్లు విప్పే పటంలో భావనారుషి విష్ణువు నాభి కమలం నుంచి తూడు తెచ్చి దేవతలకు బట్ట నేస్తాడు. నేసే చేయి లేకపోతే దేవతలకు మానం లేదు. మగ్గం మీద కూర్చున్నవాడికి ఇంతకంటే గర్వకారణమైన కథ ఏముంటుంది? పాతాళభైరవి ప్రతిమలో మాయమైన శ్రమ ఇక్కడ కళ్ల ముందుకు వచ్చింది.

వీటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది జాంబపురాణం. జాంబవుడు భూమి కంటే ఆరు నెలలు ముందు పుట్టినవాడు. చిందువాళ్లు ఆడేటప్పుడు అతడు బ్రాహ్మణుడితో ఎదురుగా నిలబడి, నీకంటే నేను పెద్ద అని వాదానికి దిగుతాడు. అందరికంటే ముందు పుట్టినవాడు అందరికంటే కింద ఎందుకున్నాడు? ఈ ప్రశ్నే ఆ పురాణానికి ప్రాణం. అంటే బీడీల తల్లి బిడ్డ నన్ను అడిగిన ప్రశ్నను మన వాడల్లో ఎన్నో తరాలుగా అడుగుతూనే ఉన్నారు. జవాబు దగ్గరే చిక్కు వస్తుంది. ఆవు మాంసం చుట్టూ అల్లిన ఒక తప్పు, దాని వల్ల ఒక శాపం, ఆ శాపం వల్ల పతనం. ప్రశ్న ప్రజలది, జవాబు పైవర్ణాల నుంచి అరువు తెచ్చుకున్నది. ప్రశ్నను దాచుకుని జవాబును తిరస్కరించడం మనం చేయాల్సిన పని.

జానపదమంటే చాలు చేతులు జోడించే ధోరణి మనలో ఈ మధ్య పెరిగింది గనుక ఇంకొక మాట చెప్పాలి. మాదిగలకు వాళ్ల పురాణం చెప్పే డక్కలి వ్యక్తి మాదిగ వాడలోకి రాకుండా బయటే ఆగాల్సి వచ్చేది. కథలో ఆధిపత్యాన్ని నిలదీసిన శ్రోతలే కథ ముగిశాక కథకుణ్ణి దూరంగా ఉంచారు. జాంబవుడి కథ డక్కలి చెబుతాడు. డక్కలి కథ ఎవరు చెప్పాలి? నిచ్చెన మీద ప్రతి మెట్టూ తన పై మెట్టును ప్రశ్నించి, తన కింది మెట్టు మీద కాలు వేసే నిలబడింది. ఈ సంగతి దాచిపెడితే మనం చేసేది విమర్శ కాదు, భజన.

గోదావరికి ఆవలి ఒడ్డున, ఆదిలాబాద్ అడవుల్లో, కథ ఇంకో విధంగా నడిచింది. ప్రధానులు కీక్రీ వాయిస్తూ పాడే గోండు గాథలో, శంభుదేవుడు గుహలో బంధించిన గోండు దేవతల్ని పహండి కుపార్ లింగాల్ విడిపిస్తాడు. విడిపించి తాను రాజు కాడు. వాళ్లను నాలుగు, అయిదు, ఆరు, ఏడు సగలుగా ఏర్పరిచి, ఎవరు ఎవరితో ఎట్లా మెలగాలో నేర్పుతాడు. నాయకుడి ప్రేరణ సింహాసనం కాకుండా, జనాన్ని ఒక జనంగా నిలబెట్టడమైన అద్భుత కథ మన పక్కనే ఉండగా మనం చూడలేదు. ఇక్కడ కూడా పాడే ప్రధాను పాట వినే గోండుకు సాటిగా కూర్చోలేదన్నది నిజమే.

ఈ గాథల్ని సేకరించిన హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్‌కు ఎందుకు వచ్చాడో గుర్తు చేసుకుందాం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడం నిజాం ప్రభుత్వానికి అవసరమైంది. తిరగబడ్డవాడి ప్రేరణ ఏమిటని ప్రభుత్వాలు శాస్త్రవేత్తలను పంపి అడుగుతాయి. అంతకు ముందు ఎన్నో ఏళ్లు వాళ్లు ఎందుకు భరించారని ఏ ప్రభుత్వమూ అడగలేదు. కథల్లోనూ అదే జరుగుతున్నది. మన ప్రేరణ చర్చ అంతా ఎదిరించినవాడి చుట్టూ తిరుగుతుంది. లొంగి ఉండటం మాత్రం గాలి లాగా, నీళ్ల లాగా సహజమైనట్టు వదిలేస్తాం.

అదే భీంను 2022లో 'ఆర్ఆర్ఆర్' చిత్రంలో ఒక కల్పిత కథలోకి తెచ్చారు. అపహరించిన గోండు పిల్లను వెనక్కి తెచ్చుకోవడం అతని ప్రేరణ. అది అతని సొంతం, బలమైనది. అక్కడిదాకా బాగుంది. కానీ ముగింపులో ఏం కావాలని అల్లూరి అడిగితే భీం చదువు అడుగుతాడు. చదువు గొప్పదే. నేను పంతులును, ఆ మాట కాదనను. అయితే పన్నెండు గూడేల భూమి కోసం, జల్ జంగల్ జమీన్ కోసం ప్రాణమిచ్చిన మనిషి కోరికను తీసి పక్కనపెట్టి, పైవాడు ఇవ్వగలిగిన కోరికను అతని నోట్లో పెట్టడం మామూలు విషయం కాదు. 1983లో అల్లం రాజయ్య, సాహు రాసిన 'కొమురం భీము' నవల చదివినవాళ్లకు ఈ రెండు భీంల మధ్య దూరం చెప్పనక్కర్లేదు. ఒక భీం తనకేం కావాలో తానే చెప్పుకున్నాడు. ఇంకొక భీంకు, అడగమని అనుమతి ఇచ్చిన తర్వాత ఒక కోరిక కలిగింది.

మళ్లీ ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. జవాబు కోసం నేను పుస్తకాల కంటే ముందు వెతకాల్సిన చోటు మా ఇల్లే. మా తాత దొర గడీలో వెట్టి చేసినవాడు. చిన్నప్పుడు ఒకసారి ఆయన్ను అడిగాను, ఎందుకు చేసినవు తాతా అని. "గట్లనే నడిసింది బిడ్డా" అన్నాడు. మా నానమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "గట్లనే ఎందుకు నడుస్తది? మీ నాయిన పెండ్లికి తెచ్చిన గింజలు తీరలే. తీరకుంట లెక్క రాసిండ్రు. పోకపోతె కట్టెసి కొట్టిండ్రు." మూడు వాక్యాల్లో అప్పు, దొంగ లెక్క, కొరడా. పూర్వీకులు మాట ఎందుకు ఇచ్చారన్న ప్రశ్నకు ఇంతకంటే పూర్తి జవాబు ఏ అర్థశాస్త్ర గ్రంథంలోనూ నాకు దొరకలేదు.

వెట్టి మానేసిన రోజు ఏమైందని కూడా అడిగాను. అది 1978. ఆ సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. "ఏం గాలె. పొద్దెక్కింది. పిలువనీకి ఎవ్వలు రాలె. ఇంట్ల కూసున్న" అన్నాడు. ఆ అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వేలాదిమంది మా తాతలు ఒక పొద్దున ఇంట్లో కూర్చోవడం రాజ్యానికి అంత పెద్ద కల్లోలం. ఇందులో కత్తి లేదు, జలపాతం లేదు, మాయ లేదు. అయినా నాకు తెలిసిన అద్భుత కథల్లో ఇదే పెద్దది. అడిగిందల్లా చేసే ప్రతిమ ఒక రోజు అడిగినా లేవలేదు.

కథ, నవల, చిత్రకథ రాస్తున్న మిత్రులతో, ఎం.ఏ. చదువుతున్న విద్యార్థులతో నేను చెప్పదలచుకున్నది ఇంతే. అద్భుత కథను శత్రువుకు వదిలిపెట్టకండి. రాక్షసులు, మాంత్రికులు, ఎగిరే కంబళ్లు అన్నీ ఉండనివ్వండి. ఒక పాత్ర ఎందుకు ఎదిరించిందో చెప్పడంతో ఆగకండి. ఇంకో పాత్ర ఎందుకు లొంగి ఉన్నదో కూడా చెప్పండి. మంచి రాజుకు విశ్వాసంగా ఉండటం, చెడ్డ రాజుకు విశ్వాసంగా ఉండటం అనే రెండు దారులే చూపించి మూడోదాన్ని మూసేయకండి. విమర్శకులు ప్రతి అద్భుత కథనూ ఒక్క ప్రశ్నతో పరీక్షించాలి. ఇందులో అందరికంటే కింది మెట్టు మీద ఉన్న పాత్రకు, పైవాడి నుంచి అరువు తెచ్చుకోని కోరిక ఒక్కటైనా ఉందా? ఉంటే ఆ కథలో రాజు ఉన్నా భయం లేదు. లేకపోతే ఆ కథలో విప్లవ నాయకుడే ఉన్నా నమ్మకం లేదు.

తర్వాతి వారం అదే తరగతిలో 'పాతాళభైరవి' కథ చెప్పి, ముగింపు మార్చి రాసుకురమ్మన్నాను. చాలామంది మాంత్రికుణ్ణి రకరకాలుగా చంపి తెచ్చారు. ఆ అమ్మాయి అర పేజీ రాసింది. ప్రతిమ ప్రత్యక్షమై ఏం కావాలని అడిగితే, రాముడు నీకేం కావాలని తిరిగి అడుగుతాడు. ప్రతిమకు ఏం చెప్పాలో తెలియదు. ఇప్పటిదాకా దాన్ని ఎవరూ అడగలేదు. ఆలోచించుకోవడానికి కొంచెం సమయం అడుగుతుంది. కథ అక్కడ ఆగిపోయింది. ముగింపు ఏదమ్మా అని అడిగాను.

"అది ఇంకా ఆలోచిస్తున్నది సార్" అంది.

పదికి పది మార్కులు వేశాను. అక్షరదోషాలు మూడున్నాయి. వాటిని ఎర్ర సిరాతో దిద్దాను.